కాబోయే వియ్యాలవారిది థాయిలాండ్, భోజనానికి పిలిచారు

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి బ్యాంకాక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. తనతో పనిచేసే థాయ్ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. మొదట్లో కొంచెం బాధపడ్డాం గానీ ఇప్పుడు ఒప్పుకున్నాం. అమ్మాయి వాళ్ళది ఖోన్ కేన్ దగ్గర ఒక పల్లెటూరట. సంక్రాంతి వెళ్ళాక మమ్మల్ని అక్కడికి తీసుకెళ్తానంటున్నాడు. వాళ్ళింట్లోనే భోజనం. అమ్మాయి అమ్మానాన్న, అమ్మమ్మ, మేనమామలు ఉంటారట. వాళ్ళకి ఇంగ్లీషు రాదు, మాకు థాయ్ రాదు. మావారు శబరిమల మాల వేసుకోవడం మొదలుపెట్టాక మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేశారు. నేను తింటాను. వాళ్ళని ఎలా పలకరించాలి? అమ్మమ్మగారి కాళ్ళకి దణ్ణం పెట్టాలా? చేత్తో తింటే నవ్వుతారా? పెట్టింది తినకపోతే తప్పు పడతారా? ఏం తీసుకెళ్ళాలి? చీర కట్టుకోవచ్చా? అబ్బాయిని అడిగితే "మామూలుగా ఉండమ్మా, చాలు" అంటాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది.
ఒక తల్లి, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది చాలావరకు నిజమేనండి. థాయ్ ఇళ్ళల్లో పాటించే మర్యాదల్లో చాలా వాటిని మీకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. చెప్పులు బయట విడవడం, గడప మీద కాలు పెట్టకుండా దాటడం, పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపకపోవడం, కూర్చున్న మనుషుల్ని, తినే పదార్థాల్ని దాటుకుంటూ వెళ్ళకపోవడం, ఏదైనా ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇవ్వడం, ఇవన్నీ మీకు పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాట్లే. అమెరికా నుంచో యూరప్ నుంచో వెళ్ళేవాళ్ళు వీటిని బట్టీపట్టి వెళ్తారు.

మనకి ఇబ్బంది వచ్చేది వేరే దగ్గర. అంతా మనలాగే ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నప్పుడు, మనం ప్రేమతో చేసే కొన్ని పనులు అక్కడ ఎదుటివాళ్ళని ఇరుకున పెడతాయి. అందుకని తేడా ఉన్న విషయాల గురించే ఎక్కువ రాస్తాను.

ముందు పలకరింపు. చేతులు జోడించి చేసే వాళ్ళ నమస్కారాన్ని 'వాయ్' అంటారు. చూడటానికి మన నమస్కారమే. కానీ మనం ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ పెట్టినట్టు పెట్టరు. వయసులోనో హోదాలోనో చిన్నవాళ్ళు ముందు పెడతారు, పెద్దవాళ్ళు అందుకుని తిరిగి పెడతారు. చేతులు ఎంత ఎత్తున ఉండాలన్నది ఎదుటి మనిషిని బట్టి ఉంటుంది. సాటివాళ్ళకైతే ఛాతీకి కాస్త పైన, పెద్దవాళ్ళకైతే వేళ్ళ కొసలు ముక్కు దాకా వచ్చేలా తల వంచుతారు, బౌద్ధ భిక్షువులకైతే నుదుటి దాకా. మీరు చెయ్యాల్సింది చాలా తేలిక. అమ్మమ్మగారికి మీరే ముందు పెట్టండి, తల బాగా వంచి. అమ్మాయి తల్లిదండ్రులు మీ వయసువాళ్ళే అయి ఉంటారు కాబట్టి ఎవరు ముందన్న లెక్క అక్కర్లేదు, ఇంచుమించు ఒకేసారి పెట్టుకుంటారు. అమ్మాయీ, వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మీకు పెడితే తిరిగి పెట్టండి. హోటల్లో సామాను మోసే కుర్రాడికీ, చంటిపిల్లలకీ మాత్రం మీరు ముందుగా పెట్టకండి. వాళ్ళు పెడితే నవ్వి తల ఊపితే చాలు. మీ వయసువాళ్ళు ముందుగా పెడితే వాళ్ళకి ఎక్కడలేని ఇబ్బంది. షేక్‌హ్యాండ్లు, కౌగిలింతలు వాళ్ళు మొదలుపెడితే తప్ప వద్దు.

"సవాద్దీ ఖా" అంటే నమస్కారమండీ అని. మీ ఆయన అన్నప్పుడు "సవాద్దీ ఖాప్" అనాలి. వాక్యం చివర ఆడవాళ్ళు 'ఖా', మగవాళ్ళు 'ఖాప్' చేర్చడం మన 'అండి' లాంటిది. ఇంకేమీ రాకపోయినా ఇది వస్తే సగం పరిచయం అయిపోయినట్టే. పిలవడానికి వాళ్ళకీ వరసలున్నాయి. అమ్మమ్మని 'యాయ్' అంటారు, తనకంటే పెద్దవాళ్ళని 'పీ' అని, చిన్నవాళ్ళని 'నోంగ్' అని పిలుస్తారు. ఎవరిని ఏ వరసతో పిలవాలో తేల్చుకోవడానికే మొదటి పది నిమిషాల్లో మీ వయసెంతని అడుగుతారు. ఏమీ అనుకోకండి. అమ్మని 'మే' అనీ నాన్నని 'ఫో' అనీ అంటారు. ఆ అమ్మాయి ఏ రోజైనా ప్రేమగా మీ ఆయన్ని 'ఫో' అని పిలిస్తే కోపం తెచ్చుకోవద్దని ముందే చెప్పి ఉంచండి.

కాళ్ళకి దణ్ణం పెట్టొద్దు. థాయ్‌వాళ్ళకి శరీరంలో తల అన్నిటికన్నా పవిత్రం, పాదాలు అన్నిటికన్నా తక్కువ. పిల్లలు కన్నవాళ్ళకి నేలమీద వంగి మొక్కే పద్ధతి వాళ్ళలోనూ ఉంది గానీ, ఇంటికొచ్చిన అతిథి తమ పాదాలు పట్టుకుంటే ఆ పెద్దావిడ గాభరాపడి కాళ్ళు వెనక్కి లాక్కుంటుంది. అలాగే ఆ అమ్మాయి మీ కాళ్ళకి దణ్ణం పెడుతుందని ఎదురుచూడకండి, పెట్టకపోతే పొగరని అనుకోకండి.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. కాబోయే కోడల్ని చూడగానే మన చెయ్యి తల మీదికే వెళ్తుంది. నిమరాలని, దీవించాలని ఉంటుంది. ఆగండి. పరిచయం లేని మనిషి తల తాకడం వాళ్ళకి నచ్చదు. అక్కడున్న చిన్నపిల్లాడు ఎంత ముద్దొచ్చినా జుట్టు చెరపకండి. మరి దీవించేదెలా? చేతులు పట్టుకోండి, చాలు. బొట్టు పెట్టాలని ఉంటే మీ అబ్బాయి చేత ముందుగా అడిగించండి. వాళ్ళ పెళ్ళిళ్ళల్లో కూడా పెద్దలు వధూవరుల నుదుట మూడు చుక్కలు పెడతారు కాబట్టి ఆ ఆచారం వాళ్ళకి వింతేమీ కాదు. ఎవరు, ఎప్పుడు అన్నదే తెలియాలి.

ఆ వైపు మిమ్మల్ని దీవించే పద్ధతి కూడా ఒకటుంది. ఖోన్ కేన్ ఉన్నది దేశానికి ఈశాన్య భాగంలో, దాన్ని ఈసాన్ అంటారు. లావోస్ సరిహద్దు ప్రాంతం. భాష, తిండి, ఆచారాలు బ్యాంకాక్ కన్నా లావోస్‌కే దగ్గర. ముఖ్యమైన చుట్టాలు వచ్చినప్పుడు అరిటాకులతో, పూలతో గోపురంలా ఒకటి అమర్చి దాని చుట్టూ కూర్చుంటారు, ఊరి పెద్దాయన మంత్రాలు చదువుతాడు, పెద్దలందరూ వచ్చి అతిథుల మణికట్లకి తెల్ల దారాలు కడతారు. మీ కోసం అది ఏర్పాటు చేసినా ఆశ్చర్యం లేదు. కడుతుంటే ఒక చెయ్యి చాచి, రెండో చెయ్యి దణ్ణం పెడుతున్నట్టు నిలువుగా పెట్టుకోండి. ఆ దారాల్ని కనీసం మూడు రోజులు ఉంచుకోవాలి, తర్వాత కూడా కత్తెరతో కొయ్యకుండా ముడి విప్పుతారు. మాలలూ దీక్షలూ తెలిసిన మీ ఆయనకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

కూర్చోవడం. పల్లెటూరి ఇళ్ళల్లో నేలమీద చాప పరిచి అందరూ చుట్టూ కూర్చుంటారు. మగవాళ్ళు మఠం వేసుకుని కూర్చోవచ్చు. ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఒక పక్కకి మడిచి, పాదాలు వెనక్కి పోయేలా కూర్చుంటారు. చీరలో మీకు కష్టమేమీ కాదు. అరికాళ్ళు మనుషుల వైపుగానీ, గోడ మీదున్న బుద్ధుడి పటం వైపుగానీ ఉండకూడదు. మోకాళ్ళ నొప్పులుంటే ముందే అబ్బాయితో చెప్పించండి. అక్కడికి వెళ్ళాక చెబితే కుర్చీ తెచ్చి వేస్తారు, అప్పుడు అమ్మమ్మగారు కిందా మీరు పైనా కూర్చోవాల్సి వస్తుంది. అది మీకే ఇబ్బందిగా ఉంటుంది. ముందే తెలిస్తే అందరికీ బల్ల భోజనం ఏర్పాటు చేసుకుంటారు. కూర్చున్న పెద్దల ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే కాస్త వంగి నడవండి.

ఇక మీ అసలు బెంగ, భోజనం.

చేత్తో తినొచ్చా అన్నదానికి జవాబు, పెట్టిన అన్నాన్ని బట్టి ఉంటుంది. ఈసాన్‌లో రోజూ తినేది 'ఖావ్ నియావ్', అంటే జిగురుగా ఉండే స్టికీ రైస్. బియ్యం నానబెట్టి ఆవిరి మీద ఉడికించి, మూత ఉన్న చిన్న వెదురు బుట్టల్లో పెడతారు. ఆ బుట్టని 'క్రతిప్' అంటారు. ఈ అన్నాన్ని చేత్తోనే తింటారు, కుడిచేత్తో. కానీ మనలా కలిపి ముద్ద చేయరు. కొంచెం తుంచుకుని, వేళ్ళ కొసలతో ఒత్తి చిన్న ఉండ చేసి, కూరలోనో పచ్చడిలోనో అద్దుకుంటారు. అరచేతికి అంటకూడదు. తుంచుకున్నాక బుట్ట మూత పెట్టేయాలి, లేకపోతే అన్నం గట్టిపడిపోతుంది. భోజనం అయ్యాక మూత తీసి వదిలేయడం మంచిది కాదని పెద్దవాళ్ళ పట్టింపు కూడా.

మామూలు అన్నం పెడితే మాత్రం చేత్తో వద్దు. కుడిచేతిలో స్పూను, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కు నోట్లోకి వెళ్ళదు, అన్నాన్ని స్పూనులోకి తోయడానికే. ముక్కలన్నీ ముందే చిన్నవిగా కోసి వండుతారు కాబట్టి కత్తి ఉండదు. చాప్‌స్టిక్స్ అడగకండి, వాటిని నూడుల్స్‌కీ చైనీస్ వంటలకీ తప్ప వాడరు. చాలామంది విదేశీయులు అక్కడే బోల్తాపడతారు.

అన్నం ఎవరిది వాళ్ళకి, కూరలు అందరికీ కలిపి మధ్యలో. మన పెళ్ళి బఫేలో అలవాటైనట్టు అన్నీ ఒకేసారి పళ్ళెంలో వేసేసుకోకూడదు. ఒక కూర స్పూనో రెండు స్పూన్లో వేసుకుని, అది తిన్నాక ఇంకోటి. గిన్నెలో కెలికి మంచి ముక్క ఏరుకోవడం అసలే వద్దు. పెద్దవాళ్ళు మొదలుపెట్టేదాకా ఆగండి. అతిథులని మిమ్మల్నే మొదలుపెట్టమంటే ఒకసారి అమ్మమ్మగారి వైపు చూసి మొదలుపెట్టండి.

ఇక్కడ మీరు రాయని సంగతి ఒకటుంది, రాయకపోయినా మనసులో వచ్చే తీరుతుంది. ఎంగిలి. మధ్యలో ఒకే గిన్నెలో ఘాటైన కారప్పచ్చడి ఉంటుంది, అందరూ తమ అన్నం ఉండల్ని అందులోనే అద్దుకుంటారు. సూపు గిన్నెలోంచి ఎవరి స్పూనుతో వాళ్ళు తాగే ఇళ్ళు కూడా ఉన్నాయి. కోవిడ్ తర్వాత వడ్డించుకునే స్పూను వేరుగా పెట్టడం పెరిగింది గానీ పల్లెటూళ్ళో ఉంటుందని గ్యారంటీ లేదు. మొహం చిట్లించకండి. అలా కలిసి తినడమే వాళ్ళకి దగ్గరితనం, మీ ముందు అలా తింటున్నారంటే మిమ్మల్ని పరాయివాళ్ళుగా చూడట్లేదని. మీ పట్టింపు మీరు నిలుపుకోవడానికి మార్గముంది. భోజనం మొదట్లోనే, ఎవరూ ముట్టకముందే, మీకూ మీ ఆయనకీ కావలసింది శుభ్రమైన స్పూనుతో చిన్న గిన్నెల్లోకి తీసుకోండి. ఆ పని అమ్మాయికి అప్పగిస్తే ఇంకా బాగుంటుంది, అత్తగారికి వడ్డిస్తున్నట్టు ఉంటుంది, ఎవరికీ తేడా తెలియదు. వడ్డించే స్పూను ఉంటే మాత్రం మీ నోట్లో పెట్టిన స్పూను పొరపాటున కూడా గిన్నెలోకి వెళ్ళకూడదు.

మనవాళ్ళు చేసే ఇంకో పని, తిన్నాక కంచంలోనే చెయ్యి కడగడం. దయచేసి వద్దు. మీ ఆయనకి గట్టిగా చెప్పండి. త్రేన్పులూ అంతే. పళ్ళు కుట్టుకోవాలంటే ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు.

వద్దన్నా వడ్డించే బలవంతం వాళ్ళలో అంతగా లేదు. మనం మూడుసార్లు వద్దని నాలుగోసారి ఒప్పుకుంటాం. అక్కడ మీరు రెండోసారి వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు, ఆకలితో లేవాల్సి వస్తుంది. కావాలంటే తలూపండి. మీరు కూడా ఎదుటివాళ్ళ కంచంలో "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వెయ్యకండి. బాగుందని చెప్పడానికి "అరొయ్" అంటారు, ఈసాన్‌లో "స్యాప్" అంటారు. అమ్మాయి వాళ్ళమ్మ వైపు చూసి "స్యాప్ ఖా" అనండి, ఇల్లంతా నవ్వులతో నిండిపోతుంది. అన్నం మాత్రం పారేయకండి. వరికి వాళ్ళకీ ఒక తల్లి ఉంది, మే ఫోసోప్ అంటారు. తక్కువగా పెట్టించుకుని పూర్తిగా తినడమే మేలు.

మీ ఆయన శాకాహారం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. "మాంసం తినరు" అంటే సరిపోదు. థాయ్ వంటలో ఉప్పు బదులు 'నామ్ ప్లా' వేస్తారు, అది చేపల నుంచి తీసిన సాస్. కూర ముద్దల్లో రొయ్యల పేస్టు ఉంటుంది. పచ్చి బొప్పాయి తురిమి రోట్లో దంచే 'సోమ్ తమ్' చూడటానికి అచ్చమైన శాకాహారమే, కానీ అందులో ఎండు రొయ్యలో, ఈసాన్ పద్ధతిలో అయితే 'ప్లా రా' అనే పులియబెట్టిన చేపో ఉంటుంది. కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పలతో చేసే సాస్ వేస్తారు. ఇవేవీ వాళ్ళు మాంసం కింద లెక్కపెట్టరు, మోసమూ కాదు. మనం రసంలో ఇంగువ గురించి ఎవరికైనా చెబుతామా?

అందుకని వాడాల్సిన మాట "కిన్ జే". చైనా నుంచి వచ్చిన బౌద్ధ శాకాహార నియమం ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఏటా చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో, మనకి సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో, తొమ్మిది రోజుల 'జే' పండగ వస్తుంది. ఫుకెట్‌లో అది చాలా పెద్దది. ఊళ్ళల్లో పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అక్కడ జే భోజనం దొరుకుతుందని గుర్తు. బ్యాంకాక్‌లో ఉన్నన్ని రోజులూ మీకు ఆ జెండా బాగా పనికొస్తుంది.

పల్లెటూరి ఇంట్లో మాత్రం కబురు ముందే వెళ్ళాలి, అదీ ఒక కారణంతో వెళ్ళాలి. "మా నాన్నకి ఇష్టముండదు" అనడం కాదు. "అయ్యప్ప స్వామికి మొక్కుకున్నారు, అందుకని జే తింటారు" అని అమ్మాయి చేత వాళ్ళమ్మకి చెప్పించండి. దైవం పేరు మీద కొన్నిటిని వదిలిపెట్టడం వాళ్ళకి బాగా తెలిసిన విషయం. ఎవరూ నొచ్చుకోరు, పైగా గౌరవం పెరుగుతుంది. చేప సాస్ బదులు ఉప్పు వాడమని చెప్పించండి. బొప్పాయిని నిమ్మరసం, మిరపకాయలు, తాటిబెల్లం, వేరుశెనగపప్పుతో దంచి ఇస్తే మీ ఆయన ఇష్టంగా తింటారు. రోటికి పాత వాసన పట్టి ఉంటుంది, కడిగించవచ్చు గానీ కొత్త రోలు కావాలనకండి, అది మరీ ఎక్కువ. కాల్చిన మొక్కజొన్న, ఉడికించిన కూరలు, జామ, అరటిపళ్ళు ఉండనే ఉంటాయి. చలికాలం కాబట్టి వెదురు బొంగులో కొబ్బరిపాలు, పంచదారతో కాల్చిన 'ఖావ్ లామ్' దొరుకుతుంది. అరకులో బొంగు చికెన్ తిన్నవాళ్ళకి బొంగు కొత్త కాదు, లోపలున్నది తియ్యటి అన్నం, అంతే.

కందిపొడి తీసుకెళ్ళొచ్చా అని మీరు అడగలేదు, కానీ ఎలాగూ తీసుకెళ్తారు. తీసుకెళ్ళండి. అయితే మీ ఆయన పక్కకి తిరిగి తన కంచంలో మాత్రమే వేసుకోవడం బాగుండదు. అక్కడ మధ్యలో పెట్టింది అందరిదీ. సీసా మధ్యలో పెట్టి అందరికీ చూపించండి. ఉండ చేసి అద్దుకుని తినేవాళ్ళకి కారప్పొడి నచ్చకపోదు.

మీకు ఒక హెచ్చరిక, మీరు తింటారు కాబట్టి. కోడిని కాల్చి పెట్టే 'కై యాంగ్' హాయిగా తినండి. 'లాబ్' అని కొట్టిన మాంసంతో చేసే వంట ఉంటుంది. అది ఉడికించినదా, పచ్చిదా అని అడగండి, ఈసాన్‌లో పచ్చిమాంసంతోనూ చేస్తారు. మంచినీటి చేపల్ని పచ్చిగా తినే అలవాటు వల్ల లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి సోకడం, అది ఏళ్ళ తరబడి ఉండి పిత్తనాళ క్యాన్సర్‌కి దారితీయడం ఆ ప్రాంతంలో పెద్ద ఆరోగ్య సమస్య. ఖోన్ కేన్ యూనివర్సిటీలో దీనిమీద చాలా పరిశోధన జరిగింది. పచ్చి చేప పెడితే మొహమాటపడి నోట్లో పెట్టుకోకండి. "సుక్" అంటే ఉడికినది. నవ్వుతూ "సుక్ ఖా?" అని అడిగితే తప్పేం లేదు, కొత్త తరంవాళ్ళు కూడా అదే అడుగుతున్నారు.

నవ్వుతూ అన్నాను కదా, ఆ మాట అన్నిటికీ వర్తిస్తుంది. గొంతు పెంచితే అక్కడ మనిషి విలువ పడిపోతుంది. మీ ఆయన, మీరు మామూలుగా మాట్లాడుకున్నా వాళ్ళకి పోట్లాడుకుంటున్నట్టు వినిపించవచ్చు, మన గోదావరి జిల్లాల గొంతు అలాంటిది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కాకినాడలో ఉన్న చుట్టాలందరితో మాట్లాడించే కార్యక్రమం ఆ పూటకి వాయిదా వెయ్యండి. వాళ్ళు ముఖం మీద "కాదు", "కుదరదు" అని అనరు. "చూద్దాం" అని చిన్నగా నవ్వితే కుదరదనే అర్థం, రెట్టించకండి. ఒకవేళ హోటల్‌కి తీసుకెళ్తే, పిలిచినవాళ్ళో పెద్దవాళ్ళో బిల్లు కడతారు. కౌంటర్ దగ్గర మనలా చేతులు పట్టి లాక్కోవద్దు. మర్నాడు మీరు పిలవండి.

కొన్ని మాటలు అసలు ఎత్తకూడదు. రాజు గురించి, రాజకుటుంబం గురించి సరదాకి కూడా ఏమీ అనకండి. అక్కడి శిక్షాస్మృతిలో 112వ సెక్షన్ కింద రాజు, రాణి, యువరాజు లాంటి వారిని అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. జారిపడ్డ నోటుని కాలితో ఆపకండి, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం 8 గంటలకి, సాయంత్రం 6 గంటలకి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తుంది, అందరితోపాటు మీరూ నిలబడిపోండి. ఇంకోటి, మీరు అనరని తెలుసు గానీ మీతో వచ్చే చుట్టాలెవరైనా ఉంటే వాళ్ళకి చెప్పండి. బ్యాంకాక్, పట్టాయా అనగానే మనవాళ్ళ నోట వచ్చే వెకిలి జోకులు ఒక్కటి కూడా ఆ ఇంట్లో వినపడకూడదు. తెలుగు అర్థం కాదు కదా అనుకుంటారు. ఆ పేర్లూ ఆ నవ్వూ ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతాయి.

డబ్బు సంగతి. వాళ్ళ ఆచారంలో పెళ్ళికొడుకు వైపువాళ్ళు అమ్మాయి తల్లిదండ్రులకి డబ్బు, బంగారం ఇస్తారు. దాన్ని 'సిన్ సోత్' అంటారు, పెంచినందుకు కృతజ్ఞతగా. కట్నానికి పూర్తిగా తలకిందులన్నమాట. మామూలుగా ఒక పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టుకుని మాట్లాడతారు, పెళ్ళిరోజు అందరికీ కనిపించేలా పరుస్తారు, తర్వాత కొందరు తల్లిదండ్రులు కొత్త దంపతులకే తిరిగి ఇచ్చేస్తారు. మొదటి భోజనంలో ఆ ప్రస్తావన మీరు తేకండి. వాళ్ళు తెస్తే "అమ్మాయిని అమ్ముతున్నారా" అని మొహం మాడ్చుకోకండి. బంగారం మాట వస్తే ఒక్క లెక్క గుర్తుంచుకోండి. అక్కడ బంగారాన్ని 'బాత్'ల్లో తూస్తారు, డబ్బు పేరూ అదే, తూకం పేరూ అదే. నగల లెక్కలో ఒక బాత్ అంటే 15.16 గ్రాములు, స్వచ్ఛత 96.5 శాతం. "పది బాత్‌ల బంగారం" అని వినపడితే చిల్లర అనుకునేరు. మీ వల్ల ఎంతవుతుందో, మీ అబ్బాయి మనసులో ఏముందో విమానం ఎక్కకముందే ఇంట్లో తేల్చుకోండి. మనసుకి నచ్చకపోతే ఆ మాట అబ్బాయి తనంతట తాను అమ్మాయితో చెప్పాలి, మీరు ఆ చాప మీద కూర్చుని చెప్పకూడదు.

ఏం తీసుకెళ్ళాలి? కాకినాడ కాజా పాకం కారుతుంది, ప్రయాణానికి పూతరేకులు నయం, పెళుసుగా ఉంటాయి కాబట్టి డబ్బా గట్టిగా ఉండాలి. అమ్మాయి వాళ్ళమ్మకి ఉప్పాడ చీరో, చీర కట్టుకోరనుకుంటే ఆ నేతలోనే ఒక కండువానో పెట్టండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఖోన్ కేన్ జిల్లాలో చొన్నబోత్ అనే ఊరు పట్టునేతకి పేరు. నూలుని ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే అక్కడి 'మత్ మీ' పట్టు, మన పోచంపల్లి ఇక్కత్ ఒకే జాతి పని. భాష రాని రెండు ఇళ్ళవాళ్ళు గంటసేపు కూర్చుని బట్టలు చేత్తో తడిమి చూసుకుంటూ గడిపేయొచ్చు. అమ్మమ్మగారు తనే మగ్గం నేసిన మనిషైతే మీ భోజనం సంగతి ఎవరికీ గుర్తుండదు. బహుమతి రెండు చేతులతో ఇవ్వండి. మీ ముందు విప్పి చూడకుండా పక్కన పెడితే నచ్చలేదని కాదు, ఇచ్చినవాళ్ళ ముందు విప్పకపోవడం అక్కడి పద్ధతి.

మర్నాడు వాళ్ళు మిమ్మల్ని గుడికి తీసుకెళ్ళొచ్చు. ఖోన్ కేన్ ఊళ్ళో చెరువు ఒడ్డున తొమ్మిది అంతస్తుల స్తూపం ఉంది, వాత్ నోంగ్ వేంగ్‌లో. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. భిక్షువులని ఆడవాళ్ళు తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి, లేదా మీ ఆయన చేత ఇప్పించాలి. మీరు దణ్ణం పెడితే ఆయన తిరిగి పెట్టరు, అది నియమం.

చీర కట్టుకోండి, నిస్సంకోచంగా. వాళ్ళు చూడాలనుకునేదే అది. నేలమీద కూర్చుని లేవాలి కాబట్టి జరీ బరువున్నది కాకుండా మెత్తటి కాటనో, తేలికపాటి ఉప్పాడో బాగుంటుంది. గుడికి వెళ్ళేటప్పుడు పైట భుజాల చుట్టూ కప్పుకోండి. పూర్తి నలుపు మాత్రం వద్దు, వాళ్ళకి అది చావు ఇంటి రంగు. మాల వేసుకునే మీ ఆయన దగ్గర నల్లబట్టలు చాలా ఉంటాయి, ఆ పూటకి తెల్ల చొక్కా వేసుకోమనండి. జనవరిలో అక్కడ తెల్లవారుజామున చలిగా ఉంటుంది, ఒక శాలువా సూట్‌కేసులో పెట్టుకోండి.